కామిక్ కవర్ మీద 30 సెంట్లా, 35 సెంట్లా? ఫోన్ ఫోటోని నమ్మే ముందు ఇది చదవండి

రెజిమెంటల్ బజార్‌లో మా ఇల్లు సికింద్రాబాద్ స్టేషన్‌కి ఎంత దగ్గరంటే, తెల్లవారుజామున రైళ్ల అనౌన్స్‌మెంట్లు మా వంటింట్లోకి వినిపిస్తాయి. అందుకే విజయవాడ నుంచి వచ్చిన ఆ పెద్దాయన ఆటో కూడా ఎక్కలేదు. రైలు దిగి నడుచుకుంటూ వచ్చేశారు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్, చొక్కా జేబులో చిన్న భూతద్దం. నేను వాట్సాప్‌లో పంపిన ఒక్క ఫోటో చూసి అంత దూరం వచ్చారు.

ఫోటోలో ఉన్నది స్టార్ వార్స్ కామిక్ మూడో నంబర్, 1977 సెప్టెంబర్ ఇష్యూ. కవర్ పైన ఎడమ మూల ధర 35 సెంట్లు. మామూలు కాపీ మీద 30 ఉంటుంది. 35 ఉన్నది దొరకడం చాలా అరుదు. మామూలు కాపీ కంటే దాని రేటు ఎన్నో రెట్లు ఎక్కువ.

పుస్తకం చేతిలోకి తీసుకుని ఐదు సెకన్లు చూశారాయన. భూతద్దం కూడా తీయలేదు.

"బాబూ, ఇది ముప్ఫై."

నేను చూశాను. ముప్ఫైయే. ఫోన్ తీసి నా ఫోటో చూశాను. అందులో స్పష్టంగా ముప్ఫై ఐదు. ఆ నిమిషంలో నా ముఖం ఎలా ఉందో తెలీదు కానీ, అమ్మ మాత్రం "ముందు కాఫీ తాగండి" అని ఆయనకి గ్లాసు అందించింది. నేనేదో మోసం చేశానని ఆయన అనుకుంటారేమో అన్న భయం నాది. కలెక్టర్ల గ్రూపుల్లో ఒకసారి పేరు పోతే మళ్లీ ఎవరూ నమ్మరు.

గాడ్జెట్ల సైట్‌లో కామిక్స్ గురించి ఎందుకంటే, తప్పు చేసింది నేనూ నా ఫోనూ కలిసి. ఫోన్ ఏం చేసిందో చెప్పే ముందు, అసలు ఆ ఐదు సెంట్ల తేడా ఎందుకంత ముఖ్యమో చూద్దాం.

ప్రైస్ వేరియంట్ అంటే ఏంటి?

1976లో మార్వెల్ కామిక్ ధర 25 సెంట్లు. దాన్ని 30 చేయాలనుకున్నారు. ఒక్కసారి పెంచితే జనం కొనడం మానేస్తారేమోనని, ముందు అమెరికాలో కొన్ని ఊళ్లకి మాత్రమే 30 సెంట్లు ముద్రించిన కాపీలు పంపారు. మిగతా దేశమంతా 25. కవర్ డేట్ ప్రకారం ఇది ఏప్రిల్ నుంచి ఆగస్టు 1976 దాకా నడిచింది. సెప్టెంబర్ నుంచి అందరికీ 30 అయింది. మరుసటి ఏడాది ఇదే ప్రయోగం మళ్లీ చేశారు. 1977 జూన్ నుంచి అక్టోబర్ దాకా కొన్ని చోట్ల 35, మిగతా చోట్ల 30. నవంబర్ నుంచి అందరికీ 35.

మన ఫోన్ కంపెనీలు ఒక కొత్త ఫీచర్‌ని ముందు ఒక దేశంలో వదిలి చూస్తాయి కదా, అలాంటి టెస్టింగే ఇది. తేడా ఏంటంటే సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్ వస్తే పాతది పోతుంది. కాగితం మీద అచ్చయినది అలాగే ఉండిపోతుంది.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి. ప్రైస్ వేరియంట్ అంటే అదే నెలలో, అదే ముద్రణలో భాగంగా వచ్చిన కాపీ. లోపల కథ, బొమ్మలు, కాగితం అన్నీ ఒకటే. మారింది కవర్ మీద ధర ఒక్కటే. తర్వాతెప్పుడో మళ్లీ అచ్చేసి వేరే ధర పెడితే అది రీప్రింట్. వేరే దేశంలో అక్కడి పబ్లిషర్ లైసెన్స్ తీసుకుని అచ్చేస్తే అది ఫారిన్ ఎడిషన్. మన దేశంలో గోథమ్ కామిక్స్ వాళ్లు రూపాయల ధరతో అమ్మిన స్పైడర్-మ్యాన్, బ్యాట్‌మ్యాన్ పుస్తకాలు ఈ రకమే. చిన్నప్పుడు అవి కొనుక్కుని చదివిన వాళ్లు చాలామంది ఉంటారు. వాటి మీద రూపాయి ధర ఉంది కాబట్టి "ఇండియన్ ప్రైస్ వేరియంట్" అని ఆన్‌లైన్‌లో ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

కాబట్టి ధర ఒక్కటే చూస్తే సరిపోదు. నెల, ఏడాదితో కలిపి చూడాలి. 1978 నాటి మార్వెల్ కామిక్ మీద 35 సెంట్లు ఉంటే అందులో విశేషం లేదు, అప్పటి మామూలు ధరే అది. 1977 ఆగస్టు నాటి ఐరన్ ఫిస్ట్ 14వ నంబర్ మీద 35 ఉంటే మాత్రం కూర్చుని నింపాదిగా చూడాల్సిందే. సేబర్‌టూత్ అనే పాత్ర మొదటిసారి వచ్చింది అందులోనే. అలాగే 1976 వేరియంట్లలో ఎక్స్-మెన్ 98, 99, 100 నంబర్ల కోసం వెతికేవాళ్లు ఎక్కువ.

స్టార్ వార్స్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. సినిమా బ్రహ్మాండంగా ఆడటంతో మొదటి నంబర్లని మళ్లీ మళ్లీ అచ్చేశారు. ఆ రీప్రింట్ల మీద కూడా 35 సెంట్లు కనిపిస్తుంది! అసలు వేరియంట్‌లో ధర చదరపు గడిలో ఉంటుంది, కింద బార్‌కోడ్ గడిలో గీతలు ఉంటాయి. ధర డైమండ్ ఆకారపు గడిలో ఉన్నా, కవర్ మీదో లోపలో "రీప్రింట్" అనే మాట ఉన్నా అది మీరు వెతికేది కాదు. పాత సామాన్లలో స్టార్ వార్స్ 35 సెంట్లు దొరికిందని ఎగిరి గంతేసే వాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఈ రీప్రింటే. నాకైతే ఆ అదృష్టం కూడా లేదు. నాది శుద్ధమైన ముప్ఫై.

సరే, ఫోన్ ఏం చేసింది?

రాత్రి పూట, ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫోటో అది. పుస్తకం ప్లాస్టిక్ కవర్లో ఉంది. దగ్గరికెళితే గ్లేర్ వస్తోందని దూరంగా నిలబడి 8ఎక్స్ జూమ్ చేశాను. కవర్ మూల ఒక మడత ఉంది, అది సరిగ్గా సున్నా మీదుగా పోతుంది. ఫోటో మసకగా వచ్చింది. దాన్ని క్రాప్ చేసి, ప్లే స్టోర్ నుంచి దింపిన ఒక ఏఐ ఫోటో ఎన్‌హాన్సర్ యాప్‌లో వేశాను. అది అద్భుతంగా "క్లియర్" చేసి ఇచ్చింది. నేను 35 చూడాలనుకుంటున్నాను, అది 35 చూపించింది. దాన్ని వాట్సాప్‌లో పంపాను.

ఇలాంటి యాప్‌లు ఫోటోలో లేని వివరాన్ని బయటికి తీయలేవు. మసకగా ఉన్న చోట ఏముండే అవకాశం ఎక్కువో ఊహించి, ఆ ఊహతో కొత్త పిక్సెల్స్ గీస్తాయి. ముఖం మీద చర్మం గీస్తే పర్వాలేదు. అంకెల విషయంలో అలా కాదు. మడత వల్ల తెగిన సున్నా దానికి ఐదులా అనిపించింది, చక్కగా ఐదు గీసి పెట్టింది. మసక ఫోటో అయితే "సరిగ్గా కనపడట్లేదు, ఇంకోటి పంపండి" అని ఆ పెద్దాయనే అడిగేవారు. స్పష్టంగా ఉన్న అబద్ధం కాబట్టి రైలెక్కారు.

ఇది ఏఐతోనే మొదలైన జబ్బు కూడా కాదు. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ సైంటిస్ట్ కొన్ని జిరాక్స్ కంపెనీ స్కానర్లు అంకెల్ని మార్చేస్తున్నాయని బయటపెట్టారు. 6 ఉన్న చోట 8 వచ్చేది. ఫైల్ సైజు తగ్గించడానికి ఒకేలా కనిపించే చిన్న చిన్న ముక్కల్ని ఒకటే అనుకుని, ఒకదాని బదులు ఇంకోటి అతికించే కంప్రెషన్ పద్ధతి వల్ల అలా జరిగింది. అక్కడ కూడా కాగితం మసకగా రాలేదు. శుభ్రంగా, తప్పుగా వచ్చింది. తర్వాత కంపెనీ దానికి ప్యాచ్ విడుదల చేసింది.

మరి ఎలా తీయాలి? నేను ఇప్పుడు చేస్తున్నది చెప్తాను. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లోంచి జాగ్రత్తగా బయటికి తీసి, పగలు కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట బల్ల మీద పెడతాను. మెయిన్ కెమెరా, 1ఎక్స్. జూమ్ చేయను. ఫోకస్ పట్టుకునేంత దగ్గరికి మాత్రమే వెళ్తాను. సెట్టింగ్స్‌లో సీన్ ఆప్టిమైజర్, ఏఐ కెమెరా లాంటి పేర్లతో ఏదుంటే అది ఆఫ్. ప్రో మోడ్‌లో రా ఫైల్ తీసే వీలుంటే అది ఇంకా మంచిది. ముందు కవర్ మొత్తం ఒక ఫోటో, తర్వాత ధర గడి ఒకటి, బార్‌కోడ్ గడి ఒకటి, లోపల మొదటి పేజీ అడుగున సన్నని అక్షరాల్లో ఉండే పబ్లిషర్ వివరాలు ఒకటి. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి, లేకపోతే అది మళ్లీ కంప్రెస్ చేస్తుంది.

బడ్జెట్ ఫోన్లలో వచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా గురించి అడుగుతారని తెలుసు. దానికంటే మెయిన్ కెమెరాతో కాస్త దూరం నుంచి తీసి క్రాప్ చేసిందే మేలు. కెమెరాల సంఖ్య పెంచడానికి పెట్టిన లెన్స్ అది, అంతకన్నా ఏమీ లేదు. డబ్బు పెట్టాలనుంటే నగల పనివాళ్లు వాడే 10ఎక్స్ భూతద్దం కొనండి. సికింద్రాబాద్‌లోనే ఉంటే పాట్ మార్కెట్ వైపు వెళ్లి అడగండి. దాన్ని ఫోన్ లెన్స్ ముందు పెట్టి కూడా ఫోటో తీయొచ్చు.

భూతద్దంతో ఏం చూడాలంటే, 1970ల నాటి కవర్ మీద రంగులన్నీ చిన్న చిన్న చుక్కల వరుసలుగా కనిపిస్తాయి. ధర అంకెలు మాత్రం నిండు నలుపు. ఎవరైనా ఇంక్‌జెట్‌తో కొత్త ధర ముద్రించి అతికిస్తే ఆ నలుపు అంచుల్లో రంగు తుంపరలు చిందినట్టు కనిపిస్తాయి. పెన్నుతో దిద్దితే సిరా కాగితం పీచులోకి పాకి ఉంటుంది. నోట్లు చెక్ చేసే యూవీ టార్చ్ ఉంటే చీకట్లో వేసి చూడండి. అతికించిన కొత్త కాగితం ముక్క చాలాసార్లు నీలంగా మెరుస్తుంది, చుట్టూ పాత కవర్ అలా మెరవదు.

గూగుల్ లెన్స్? పుస్తకం పేరు, నంబర్ చటుక్కున చెప్పేస్తుంది. ధర తేడా చెప్పమంటే దాన్ని నమ్మకండి. బొమ్మ ఒకటే కాబట్టి ఎక్కువగా దొరికే కాపీనే చూపిస్తుంది. నంబర్ తెలిశాక గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ అనే ఉచిత సైట్‌కి వెళ్లి అదే నంబర్ వెతకండి. అందులో వేరియంట్లు విడివిడిగా, కవర్లతో సహా ఉంటాయి. మీ పుస్తకాన్ని పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

మన పెట్టెల్లో దొరికేవి ఏవి?

మళ్లీ మా ఇంటికి వద్దాం. కాఫీ అయ్యాక ఆ పెద్దాయన "వచ్చాను కదా, మిగతావి కూడా చూపించు" అన్నారు. మంచం కింద నుంచి రేకు పెట్టె లాగాను. నాన్నది. ఆయన పోయాక ఎవరూ తెరవలేదు. మేము ఇల్లు ఖాళీ చేస్తున్నాం, ఆదివారం లోపు తేల్చకపోతే పాత పేపర్ల అతనికి వేసేస్తానని అమ్మ అప్పటికే చెప్పేసింది. కామిక్స్ చాలావరకు టొరంటోలో ఉండే బాబాయ్ పంపినవి. నేను అందులోంచి స్టార్ వార్స్ ఒక్కటి తీసి, మిగతావి "మామూలువి" అని పక్కన కట్ట కట్టి పెట్టాను. కట్ట మీద సుతిలి కూడా బిగించేశాను.

ఆయన సుతిలి విప్పారు. నాలుగో పుస్తకం దగ్గర ఆగారు. అమేజింగ్ స్పైడర్-మ్యాన్ 252, 1984 మే. స్పైడర్-మ్యాన్ నల్ల డ్రెస్‌లో ఉన్న కవర్. ధర 75 సెంట్లు.

"మీ బాబాయ్ కెనడాలో ఉంటారన్నావు కదూ?"

అప్పుడు భూతద్దం తీశారు.

కెనడా డాలర్ విలువ అమెరికా డాలర్ కంటే తగ్గడంతో, 1982 చివరి నుంచి 1986 దాకా మార్వెల్, 1988 దాకా డీసీ కెనడా న్యూస్‌స్టాండ్ల కోసం వేరే ధరతో కాపీలు వేశాయి. అమెరికాలో 60 సెంట్లు ఉన్న మార్వెల్ పుస్తకం అక్కడ 75. కెనడా జనాభా తక్కువ, కాబట్టి కాపీలూ తక్కువే. ఇక్కడా ఒక తికమక ఉంది. అదే కాలంలో కామిక్ షాపులకి వెళ్లిన కాపీల మీద అమెరికా ధర, కెనడా ధర, బ్రిటన్ ధర అన్నీ కలిపి ఉంటాయి, బార్‌కోడ్ ఉండాల్సిన గడిలో స్పైడర్-మ్యాన్ ముఖమో మరో బొమ్మో ఉంటుంది. వాటిలో కూడా 75 కనిపిస్తుంది కానీ అవి వేరియంట్లు కావు. 75 ఒక్కటే ఉండాలి, గడిలో బార్‌కోడ్ ఉండాలి. మా దాంట్లో రెండూ ఉన్నాయి. నేను దాన్ని కిలోల లెక్కన అమ్మేద్దామని కట్టిన కట్టలో.

తెలుగు ఇళ్లల్లో 35 సెంట్ల పుస్తకం దొరుకుతుందని ఆశ పెట్టుకోవడం కంటే, కెనడాలోనో ఇంగ్లాండ్‌లోనో ఉన్న చుట్టాలు తెచ్చిన పుస్తకాలు తిరగేయడం తెలివైన పని అని నా అభిప్రాయం. బ్రిటన్ సంగతి ఇంకా పాతది. 1960 నుంచి మార్వెల్ కామిక్స్‌ని అమెరికాలోనే, అదే ముద్రణలో, బ్రిటన్ కోసం పెన్నీల ధరతో కొన్ని వేసేవాళ్లు. స్పైడర్-మ్యాన్ మొట్టమొదట కనిపించిన అమేజింగ్ ఫాంటసీ 15 (1962 ఆగస్టు) అమెరికా కాపీ మీద 12 సెంట్లు, బ్రిటన్ కాపీ మీద 9డి. ఆ "డి" అంటే పాత పెన్నీ. 1971 ఫిబ్రవరి 15న బ్రిటన్ దశాంశ పద్ధతికి మారాక "పి" వచ్చింది. తొలినాళ్ల పెన్నీ కాపీల్లో చాలా వాటి కవర్ మీద నెల కూడా ఉండదు. వీటిని ఏళ్ల తరబడి "బ్రిటిష్ రీప్రింట్" అని తక్కువ ధరకి తీసిపారేసేవాళ్లు. రీప్రింట్లు కావవి, మొదటి ముద్రణే.

పెట్టె అడుగున మన పుస్తకాలు. చందమామలు, అమర్ చిత్ర కథలు, ఇంద్రజాల్ కామిక్స్. వీటిని ప్రైస్ వేరియంట్లు అనకూడదు. కానీ ఏది మొదటి ముద్రణ, ఏది తర్వాతిది అని తేల్చడానికి ఇక్కడా ధరే మొదటి ఆధారం. ఈ భాగం ఆయన చెప్తుంటే నేను ఫోన్‌లో నోట్స్ రాసుకున్నాను.

మన దేశంలో 1957 ఏప్రిల్ 1 దాకా అణాలు. ఆ రోజు నుంచి రూపాయికి వంద నయా పైసలు. 1964 జూన్ 1న "నయా" మాట తీసేశారు, పైసలే మిగిలాయి. కాబట్టి ఒక పుస్తకం మీద "న.పై." అని ఉంటే అది దాదాపు ఆ ఏడేళ్లలోది. చందమామ 1947 జులైలో మొదలైంది, అంటే మొదటి పదేళ్ల సంచికల మీద అణాల లెక్క. ఇంద్రజాల్ 1964 మార్చిలో ఫాంటమ్ కథతో మొదలైంది, నయా పైసల ఆఖరి నెలలవి.

ధర చిరిగిపోయిందా? అడ్రస్ చూడండి. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. చందమామ ఆఫీసు వడపళనిలో ఉండేది. "మద్రాసు-26" అని ఉంటే పిన్‌కోడ్ అలవాటు కాకముందుది, "మద్రాసు-600 026" అని ఉంటే కచ్చితంగా ఆ తర్వాతది. బొంబాయి 1995లో ముంబై, మద్రాసు 1996లో చెన్నై అయ్యాయి. ధర ముందు ₹ గుర్తు ఉంటే 2010 జులై తర్వాత అచ్చయిందన్నమాట, లోపల ఏ ఏడాది రాసి ఉన్నా సరే.

అమర్ చిత్ర కథలో "కృష్ణ" మంచి ఉదాహరణ. సిరీస్‌లో అది 11వ నంబర్, ముందు పది విదేశీ కథలు. ఇప్పుడు షాపులో దొరికే కృష్ణ 501వ నంబర్. పబ్లిషర్‌గా ఇండియా బుక్ హౌస్ పేరుంటే పాత ముద్రణ. 2007లో ఆ సిరీస్ చేతులు మారింది. తక్కువ ధర ఉంటే పాతది అనుకోవడం మామూలుగా సరైనదే కానీ, పాత స్టాక్ మీద కొత్త ధర స్టిక్కర్ వేసి అమ్మడం మన దగ్గర బాగా అలవాటు. స్టిక్కర్ చూసి తీర్పు చెప్పకండి, గోరుతో గీకి తీయకండి. ఏటవాలుగా ఫోన్ ఫ్లాష్ వేస్తే కింద అంకెలు చాలాసార్లు కనిపిస్తాయి.

మా అమర్ చిత్ర కథల్లో తీరా చూస్తే ఏ విశేషమూ లేదు. అన్నీ 1980ల రీప్రింట్లు. అందులో రెండింటి మీద నాన్న పేరు, పక్కన నా పేరు, నా అక్షరాల్లో. "ఇవి ఎవరూ కొనరు, నువ్వే ఉంచుకో" అన్నారాయన.

స్పైడర్-మ్యాన్ 252కి ఆయన అక్కడికక్కడే ఒక రేటు చెప్పి, మళ్లీ తనే "ఇప్పుడే అమ్మకు, నాలుగు చోట్ల అడుగు" అన్నారు. కట్టలోని ఇంకో మూడు కెనడా కాపీలు తీసుకుని డబ్బులిచ్చారు. స్టార్ వార్స్ ముప్ఫై సెంట్లది కూడా, దాని మామూలు రేటుకి, తీసుకున్నారు. రైలు ఛార్జీ ఇస్తానంటే వినలేదు.

సాయంత్రం నేను 252 కవర్‌ని కిటికీ పక్కన పెట్టి, 1ఎక్స్‌లో, ఏఐ ఆఫ్ చేసి ఫోటో తీసి, డాక్యుమెంట్‌గా ఆయనకి పంపాను. ఆయన రైలు కాజీపేట దాటాక జవాబు వచ్చింది: "75 కనపడుతోంది. కింద ఎడమ మూల చిన్న చిరుగు ఉంది, అమ్మేటప్పుడు అది కూడా చెప్పు."

నేను మళ్లీ వెళ్లి చూశాను. ఉంది.